కైలాసం ప్లగ్గు

తొంభైల నాటి మంచిర్యాలలో కంప్యూటరు మొరాయిస్తే కైలాసాన్నే పిలిచేవారు. మగ్గం నేసిన వేళ్లు కాబట్టి వైరు ముడి కూడా అతనికి నూలు ముడిలాగే చిటికెలో పడేది. చొక్కా జేబులో పెన్నుకు బదులు, సొంతంగా టంకం వేసుకున్న చిన్న ప్లగ్గు ఉండేది. దాన్ని కంప్యూటరు వెనక, మౌసు తగిలించే సీరియల్ పోర్టుకు పెట్టి నాలుగు అక్షరాలు కొట్టేవాడు. "పోయిన అక్షరం తెర మీదికి వాపస్ రావాలె. రాకుంటే పోర్టు ఖరాబైనట్టే" అని జడ్జీలా తీర్పు చెప్పేవాడు. ఆ ఏడు దసరా మర్నాడు నెలవారీ తనిఖీకి వెళితే మూడు ఆఫీసుల్లో ఒక్క అక్షరమూ వాపస్ రాలేదు. అంతా గనుల బొగ్గు దుమ్ము పాపమేనని, హైదరాబాదు నుంచి కొత్త పోర్టు కార్డులు తెప్పించాల్సిందేనని చెప్పేశాడు. నాలుగో చోట అప్పుడే అట్టపెట్టె విప్పిన కొత్త మిషన్ కూడా పనిచేయకపోయేసరికి అనుమానమొచ్చి, ప్లగ్గును కిటికీ వెలుతురులో పట్టి చూశాడు. రంధ్రాలన్నీ ఎండిన పసుపుతో పూడుకుపోయి ఉన్నాయి.

ఇంటికి పోయి అడిగితే భార్య బాలలక్ష్మి తొణకలేదు. "అప్పుడు దసరాకు మగ్గానికి పసుపు వెట్టినం. గిప్పుడు మనకు బువ్వ వెట్టేది గదే గద?" అంది. కైలాసం సూదితో పసుపు గీకి, మర్నాడు పొద్దున్నే మొదటి ఆఫీసుకు వెళ్లాడు. అక్షరాలన్నీ బుద్ధిగా తిరిగొచ్చాయి. "ఖరాబైందంటివి, ఎట్ల బాగైందయ్యా?" అన్నాడు మేనేజరు ఉపేందర్‌రావు. కైలాసం నేల చూపులు చూస్తూ, "అంతా మా ఇంటామె పూజ సార్" అన్నాడు. ఉపేందర్‌రావు అప్పటికప్పుడే పసుపు, కుంకుమ తెప్పించాడు. కైలాసం రెండు చేతులూ పోర్టుకు అడ్డం పెట్టాడు.