పొట్ట కింది పరిచయం

యుద్ధనౌకల మరమ్మతుకు సముద్రం ఒడ్డున పెద్ద గొయ్యి ఉంది. ఓడ అందులోకి రాగానే నీళ్లు తోడేస్తారు. అప్పుడది చెక్కదిమ్మల మీద కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ దిమ్మలు పేర్చేది ఒకే మేస్త్రి. దిమ్మ వేలెడు పక్కకి జరిగినా ఓడ పొట్ట సొట్టపోతుంది మరి! ఇంట్లో మంచం కిర్రుమన్నా సరే, దాని కాలికింద చెక్కముక్క దూర్చందే ఆయనకు ముద్ద దిగదు. ఓడల్ని ఆయన చూసేది ఎప్పుడూ కిందినుంచే. అసలు పేర్లు గుర్తుండవు. సొట్టబుగ్గ, అతుకులపిల్ల అంటూ పొట్టమీది గుర్తులతోనే పిలుస్తాడు.

ఉద్యోగంలో ఆఖరిరోజున ఒక కెప్టెన్ ఆయన్ని రేవులో ఉన్న తన ఓడ ఎక్కించాడు. తళతళలాడే ఫిరంగులు, రెపరెపలాడే జెండాలు, వరసగా నిలబడి సెల్యూట్ కొట్టే నావికులు. మేస్త్రి కొత్తపెళ్లికొడుకులా బిగుసుకుపోయాడు.

"చాలా బాగుందండీ. ఇంతకీ ఇది ఏ ఓడ?"

కెప్టెన్ తెల్లబోయి పేరు చెప్పాడు. మేస్త్రి మర్యాదకి తలూపాడు. అది చూసి పక్కనున్న ముసలి ఇంజనీరు పకపకా నవ్వాడు.

"నీ అతుకులపిల్లేనయ్యా! ఏడుసార్లు దిమ్మలెక్కించావు కదా!"

మేస్త్రి మొహం చేటంత అయింది. వంగి, డెక్కు మీద రెండు చేతులూ ఆనించాడు.

"అమ్మ దొంగా, నువ్వా! పైన ఇంత సింగారం పెట్టుకుని, ఇన్నేళ్లూ నాకు ఒట్టి పొట్టే చూపించావా?"