వియ్యపురాలితో తహితీ

పోయిన వారం పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. బయట మా ఊరు ట్రాయ్‌లో ఎప్పుడూ కురిసే మంచే. పార్కింగ్ లాట్ అంతా ఇడ్లీపిండి పొంగి ఒలికిపోయినట్టుంది. లోపల గోడమీది టీవీలో మాత్రం నీలం సముద్రం, తెల్లటి ఇసుక, నీళ్ళమీదికి వంగిన కొబ్బరిచెట్టు. మోకాలి లోతు నీళ్ళలో ఒక జంట చేతులు పట్టుకుని, ఆ సముద్రంలో చేపలన్నవే లేనట్టు, నింపాదిగా నడుస్తోంది. నాకు ఫక్కున నవ్వొచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర నవ్వేవాళ్ళు అరుదు కాబోలు, పక్కనున్న పెద్దాయన పత్రిక దించి నావైపు చూశాడు. అక్కడికి నేనూ వెళ్ళానని చెబుదామనుకున్నాను. కానీ అక్కడ నేను చెయ్యి పట్టుకున్నది మావారిది కాదు, మా వియ్యపురాలిది. ఆ మాట ఆయనకి ఎలా చెప్పడం? ఇంగ్లీషులో వియ్యపురాలు అన్న మాటే లేదు. "మా అమ్మాయి భర్తకి తల్లి" అని విడమరిచి చెప్పేసరికి అందులో ఉన్న భయమూ, మర్యాదా, పోటీ అన్నీ ఆవిరైపోతాయి. అందుకని మళ్ళీ టీవీ వైపు తిరిగాను.

మా అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళే. అప్పట్లో కాలిఫోర్నియాలో చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు. అమ్మాయి నెల తప్పగానే ఇల్లు కొనుక్కోవాలనుకున్నారు. ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగాలే కాబట్టి ఏ ఊరైనా ఫరవాలేదన్నారు. ఆ "ఏ ఊరైనా" అన్న మాట ట్రాయ్‌లో నా చెవినా, ఎండల ఊరు ప్లేనోలో మా వియ్యపురాలి చెవినా ఒక్కసారే పడింది. "మీ ఇష్టం నాన్నా, మీరు సుఖంగా ఉంటే అంతే చాలు" అని పైకి ఇద్దరం అన్నాం. ఆ మాట అన్న సాయంత్రమే, మా వెనక వీధిలో అమ్మకానికొచ్చిన ఇంటి ఫొటోలు అమ్మాయికి పంపాను. ఆవిడ ప్లేనో స్కూళ్ళ రేటింగులు పంపిందని అమ్మాయే నోరుజారింది. శరత్కాలంలో మా ఊరి చెట్లు ఎర్రబడ్డ ఫొటో నేను పంపితే, చలికాలం మధ్యలో పెరట్లో పొట్టిచేతుల చొక్కాతో నిలబడి పైపుతో మొక్కలకి నీళ్ళు పోస్తున్న మా వియ్యంకుడిగారి ఫొటో ఆవిడ పంపింది. నేను ఫోన్ పక్కన పెట్టి, పార తీసుకుని గుమ్మం ముందు మంచు తియ్యడానికి వెళ్ళాను.

అలాంటి రోజుల్లో మా పెళ్ళిరోజు పేరుపెట్టి పిల్లలు మా రెండు జంటలకీ తహితీ వైపు పాలినీషియా దీవుల చుట్టూ తిరిగే ఓడలో రెండు గదులు బుక్ చేశారు. "పెద్ద షిప్ కాదమ్మా, స్మాల్ లగ్జరీ షిప్, అందరూ ఫ్రెండ్స్ అయిపోతారు" అంది అమ్మాయి. నా భయమూ అదే. పెద్ద ఓడైతే ఎక్కడో ఒకచోట తప్పించుకోవచ్చు. ఇందులో ఆ మూల తుమ్మితే ఈ మూల చిరంజీవ అనేటట్టు ఉంటుందట. ఇంతలో వియ్యంకుడిగారు బియ్యం బస్తా ఎత్తబోయి నడుం పట్టేసుకుని మంచమెక్కారు. మావారికి ఊగే కుర్చీలో కూర్చున్నా కడుపులో తిప్పుతుంది. సాకు కోసమే చూస్తున్న మనిషి, ఫోన్ పెట్టేసిన వెంటనే "పాపం, బావగారికి ఎవరైనా తోడుండాలి కదా" అని ప్లేనోకి టికెట్ కొనేసుకున్నారు. అలా మగవాళ్ళిద్దరూ సోఫాలో చేరి క్రికెట్ చూస్తూ నడుముకి కాపడం పెట్టుకున్నారు. పిల్లలు ఒక గది రద్దు చేసేస్తే, ఆడవాళ్ళం ఇద్దరం మిగిలిన ఒక్క గదిలో సముద్రం మీద పడ్డాం.

గది తలుపు తీయగానే రాజుగారి మంచమంత మంచం, ఒక్కటే ఉంది. దానిమీద ఎర్రటి మందారరేకులు చల్లి, తువ్వాళ్ళతో రెండు హంసలు చేసి, ముక్కూముక్కూ ఆనించి కూర్చోబెట్టారు. పైన "హ్యాపీ యానివర్సరీ" అని తోరణం. మా వియ్యపురాలు వరంగల్ వైపు మనిషి. పొడుగ్గా, తీరుగా, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని చీరలో ఉంటుంది. పిల్లల పెళ్ళినాటినుంచీ ఆవిడ ముందు నేను కుర్చీ అంచునే కూర్చునేదాన్ని. ఆవిడ గుమ్మంలోనే నిలబడి మంచాన్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "ఏంది వదినా, మంచం ఒక్కటే ఉన్నది?" అంది. రెండు మంచాలు వేయమని అడిగితే, ఆ గదిలో అది వీలుకాదని గదులు చూసుకునే కుర్రది ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. చివరికి హంసలు రెండింటినీ మా ఇద్దరి మధ్యా సరిహద్దు రాళ్ళలా పెట్టుకుని పడుకున్నాం.

మొదటి మూడు రోజులూ మర్యాదతో చచ్చాం. పొద్దున్నే స్నానాల గది దగ్గర "మీరు కానివ్వండి వదినగారూ" అని నేనూ, "అయ్యో, ముందుగాల మీరు పోండి" అని ఆవిడా. ఆ మర్యాదలు తేలేసరికి కింద టిఫిన్లు ముగిసేవి. మెడలో వేసే పూలదండలూ చెవిలో పెట్టే పూలూ ఆ దీవుల మర్యాద. తెల్లగా, నందివర్ధనంలా ఉండి, గుమ్మని వాసనేసే పువ్వు ఒకటి ఎవరు కనబడినా చేతికిస్తారు. అందరూ చెవిమీద దోపుకుంటే ఆవిడ జడలో పెట్టుకుని, "ఒక్కటి ఏడ సరిపోతది, మూరెడన్న కావాలె" అని ఇంకో గుప్పెడు అడిగి పుచ్చుకుంది. భోజనం దగ్గర వేపుడు ముక్కలేవో పెడితే, చామదుంప అని నేనన్నాను, చామగడ్డ అని ఆవిడంది. రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట ఇద్దరం మళ్ళీ ఆ ముక్కలు వడ్డించుకోలేదు.

ఓడలో అందరూ మమ్మల్ని చూసి అదోలా ఆప్యాయంగా నవ్వేవాళ్ళు. ఒక ముసలి దంపతులు వచ్చి మా చేతులు నొక్కి, "మిమ్మల్ని చూస్తే మాకెంతో సంతోషంగా ఉంది" అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర దీపాలు తగ్గించి, గిటార్లు వాయిస్తూ వచ్చి మా ఇద్దరి ముందూ కొవ్వొత్తి వెలిగించిన కేకు పెట్టి అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు వెలిగింది నాకు. చెవుల దాకా వేడెక్కిపోయాను. గదికొచ్చాక తడబడుతూ, "వదినగారూ, ఈ పెళ్ళిరోజు మనిద్దరిదీ అనుకుంటున్నారు వీళ్ళు" అన్నాను. ఆవిడ చెవి రింగులు తీస్తూ ఒక్క క్షణం ఆగింది. పిడుగు పడుతుందనుకున్నాను. "పోనియ్యండి వదినా. కేకు మస్తున్నది" అని లైటు ఆర్పేసింది. చీకట్లో కాసేపయ్యాక మంచం కదలడం మొదలుపెట్టింది. అలలనుకున్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది. ఆవిడ నవ్వగలదని నాకు అదే మొదటిసారి తెలియడం.

మర్నాడు వెనిలా తోటలున్న దీవికి తీసుకెళ్ళారు. ఆ పువ్వుమీద వాలి కాయ కట్టించే తేనెటీగ ఆ దీవుల్లో లేదట. అందుకని ప్రతి పువ్వుకీ పొద్దున్నే మనుషులే ముల్లుతో పుప్పొడి అంటించాలి. ఆ పని చేసేవాళ్ళని పెళ్ళి చేసేవాళ్ళంటారని తోట చూపించే ఆవిడ చెప్పింది. మా వియ్యపురాలు ఒక లేత కాయని వేలితో నిమిరి, "చూసిన్రా వదినా, లగ్గం చేసేదాంకనే మన చేతుల. ఆ తర్వాత కాయ ఏ దిక్కు పెరిగితే మనకేమెరుక" అంది. నేను గతుక్కుమన్నాను. పిల్లల ఇల్లు ప్లేనోలో ఖాయమైపోయిందా, అందుకేనా ఈ వేదాంతం?

నా అనుమానానికి కారణం ఉంది. ఓడలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందేది పై అంతస్తు మెట్ల పక్కన ఒక్క మూలే. గాలి పీల్చుకొస్తానని చెప్పి నేను అక్కడికి వెళితే, అప్పుడే గాలి పీల్చుకుని ఆవిడ దిగుతూ కనిపించేది. ఇద్దరం సముద్రం ఎంత బాగుందోనని చెప్పుకునేవాళ్ళం. అటు తిరగ్గానే నేను మా వెనక వీధి ఇల్లు ఇంకా ఉందో అమ్ముడైపోయిందో చూసుకునేదాన్ని.

వెనిలా తోట చూసొచ్చిన మధ్యాహ్నమే అల్లుడి మెసేజ్ ఇద్దరికీ వచ్చింది, వీడియో కాల్‌కి ఇద్దరం కలిసి రమ్మని. ఆ మూలలోనే ఒక ఫోన్ ముందు భుజాలు ఆనించుకుని కూర్చున్నాం.

"అమ్మా, అత్తయ్యా, మీరు ఇద్దరు కోపం రావద్దు, ఓకే?" అన్నాడు అల్లుడు. "మేము హౌస్ చూశాము. మా ఆఫర్ యాక్సెప్ట్ చేశారు. రాలీలో."

"రాలీనా! నార్త్ కరోలినా? అక్కడ మనకెవరున్నారు?" అన్నాను.

"నోబడీ, అత్తయ్యా. దట్స్ కైండ్ ఆఫ్..." అని, పక్కనుంచి మా అమ్మాయి మోచేత్తో పొడిచినట్టుంది, ఆగిపోయాడు.

"అమ్మా, మీ ఇద్దరిలో ఎవరి దగ్గరికి వచ్చినా రెండోవాళ్ళు హర్ట్ అవుతారు కదా" అంది అమ్మాయి. "మీరు కలిసున్నప్పుడు చెప్తే బెటర్ అనుకున్నాం."

అంటే ఈ పూలూ, హంసలూ, నీలం సముద్రమూ అన్నీ ఇందుకన్నమాట. ఫోన్ పెట్టేశాం. నాకు ఏడుపొస్తోంది. మనవడో మనవరాలో పాకుతూ మా వంటింట్లోకి వచ్చినట్టు నేను అప్పటికే ఎన్నిసార్లు ఊహించుకున్నానో. పక్కకి చూస్తే ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, "నడువుండి వదినా, నీళ్ళల్లకు దిగుదాం" అంది. అప్పటిదాకా ఆవిడ పాదం తడవనివ్వలేదు. నాకూ ఈత రాదు.

సల్వార్లలోకి మారి చిన్న పడవలో తీరానికి వెళ్ళి, నడుం లోతు నీళ్ళలో లైఫ్ జాకెట్లు కట్టుకుని, ఆ సల్వార్లు బుడగల్లా పైకి తేలుతుండగా నిలబడ్డాం. ఇక మొదలుపెట్టాం. నేను నా కూతుర్ని తిట్టాను, ఆవిడ తన కొడుకుని తిట్టింది. తర్వాత పిల్లల్ని మార్చుకుని తిట్టాం. అదింకా హాయిగా ఉంది. "నేనైతే మీ బిడ్డ కోసమని ఇంటి పక్కన డాక్టరమ్మను గూడ చూసిపెట్టిన" అని ఆవిడంటే, మా వెనక వీధి ఇంటి గురించి నేను చెప్పాను. ఇద్దరం నవ్వుతుంటే కాళ్ళకి ఏదో మెత్తగా, జారుగా తగిలింది. చూస్తే నీళ్ళలో తడిసిన దుప్పటిలాంటి టేకు చేప, తోక ఆడిస్తూ మా చుట్టూ తిరుగుతోంది. తర్వాత ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలీదు. "వదినా!" అన్న కేక మాత్రం రెండు గొంతుల్లోంచీ వచ్చింది. అది ఏమీ చెయ్యదని ఒడ్డునుంచి గైడ్ నవ్వుతూ అరుస్తున్నా, మేం ఒకరి మెడ ఒకరం వదల్లేదు. ఒడ్డున ఆ ముసలి దంపతులు మమ్మల్ని చూసి మురిసిపోయారు.

ఊపిరి సర్దుకున్నాక, చెయ్యి ఇంకా వదలకుండానే ఆవిడ అంది: "మొదటి కాన్పు తల్లిగారిదే వదినా. రాలీకి ముందు మీరే పోవాలె. మీరు అలసిపోయినంక నేనొస్త." ఇన్నాళ్ళూ ప్లేనో కోసం అంత పోరాడిన మనిషి అంత తేలిగ్గా మొదటి వంతు నా చేతిలో పెట్టేసింది. "మీరు తర్వాత రావడమేమిటి, ఇద్దరం కలిసే వెళదాం" అన్నాను. కలిసే వెళ్ళాం కూడా. పురుటికి రెండు వారాల ముందే ఇద్దరం ఒకే రోజు విమానాలు దిగి, పిల్లల కొత్త ఇంట్లో ఒక్క గదిలో మకాం వేశాం. కూతురూ కోడలూ అయిన ఆ పిల్ల పథ్యంలో వెల్లుల్లి ఎంత ఉండాలన్న విషయంలో మాకిద్దరికీ ఒక్కటే అభిప్రాయం. అది పిల్లల అభిప్రాయం మాత్రం కాదు. దూరంగా ఉండి చెరోవైపు లాగే ఇద్దరిని తప్పించుకోబోయి, ఒకే మాటమీద నిలబడే ఇద్దరిని ఇంట్లో పెట్టుకున్నామని అల్లుడికి అర్థమయ్యేసరికి మనవరాలికి నెల నిండింది.

ఆ ఓడలో మొదటి మూడు రోజులూ ఈ ప్రయాణం ఎప్పుడైపోతుందా అని వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. చివరి రోజుల్లో అప్పుడే అయిపోవచ్చిందా అని దిగులుపడ్డాను. కాలం మటుకు మమ్మల్నేమీ పట్టించుకోలేదు. మొదట్లో ఎంత నిదానంగా సాగిందో చివరిదాకా అలాగే సాగింది.