సాక్షికి చూపించిన పెళ్ళి ఫోటో

అబద్ధపు సాక్ష్యానికి శిక్షలు పెంచాలని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పెంచండి నాయనా, కానీ ఎవరికి? వెల్దుర్తిలో మా అత్తవారింట్లో జరిగింది కళ్ళారా చూసినదాన్ని కనుక అడుగుతున్నాను.

మా పుట్టిల్లు గురజాల దగ్గర. నేను కాపరానికి వచ్చిన కొన్నేళ్ళకి అక్కడ గట్టు తగాదాలో ఒక మనిషిని చంపారు. చచ్చినవాడు మా అత్తవారి వైపు బంధువు, కొట్టినవాళ్ళు మా పుట్టింటి పార్టీవాళ్ళు. ఆ రోజుల్లో మా వైపు ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. కొట్టినవాళ్ళ పేర్లతో పాటు, ఎదుటి పార్టీలో చదువుకునే కుర్రాడి పేరు కూడా ఫిర్యాదులో ఎక్కించేవారు, ఆ ఇల్లు మళ్ళీ కోలుకోకూడదని. అలా మా తమ్ముడి పేరు ఎక్కింది. వాడు ఆ పూట నరసరావుపేటలో పంతులు ట్రైనింగులో ఉన్నాడు. అక్కడివాళ్ళు భయపడి ఆ మాట చెప్పడానికి రాలేదు. ఉరి కూడా పడవచ్చని మా పుట్టింటివాళ్ళు పెట్టిన ప్లీడరు అన్నాడు.

వాణ్ణి చూశానని చెప్పే సాక్షి ఒక కూలి మనిషి, మొగుడు పోయిన ముసలిది. ఆమె కొడుకు మా అత్తింటి చినమామ దగ్గర పాలేరు. అదే ఆమె మెడకు పలుపు. గురజాల కోర్టులో పేరు చెప్పించారు. గుంటూరు పెద్దకోర్టులో మనిషిని వేలుపెట్టి చూపాలి. అందాకా ఎదుటివాళ్ళు కలవకుండా ఆమెను మా గొడ్లచావిట్లో ఉంచారు. అన్నం పెట్టడం నా వంతు. నా తమ్ముడి ఉసురు తీసేదానికి నేను వడ్డించాలట! కంచం విసురుగా పెట్టేదాన్ని. ఆమె తలెత్తేది కాదు.

ఒకరోజు గోడ మీద మా పెళ్ళి ఫోటో కనపడలేదు. ఇల్లంతా వెతికి చావిట్లోకి వెళితే, చినమామ దాన్ని ఆమె ముందు పెట్టి పాఠం చెబుతున్నాడు.

"పెళ్ళికూతురి పక్కన నిలబడ్డాడే, వాడే. సరిగ్గా చూసుకో. అక్కడ తడబడ్డావంటే నీ కొడుకు సంగతి నీకు తెలుసుగా."

నన్ను చూసి, "ఏందమ్మాయ్, ఇక్కడ నీకేం పని?" అని గసిరి వెళ్ళిపోయాడు.

ఆమె ఫోటో వంక, నా వంక చూసింది. "పెళ్ళికూతురివి నువ్వేగా! ఈ పిల్లగాడు నీకేమవుతాడమ్మాయ్?"

"తమ్ముడు. పిన్నీ, నిజం చెప్పు, వాణ్ణెప్పుడన్నా చూశావా?"

"లేదు తల్లీ. అయ్యో, రోజూ నీ చేతి కూడే తింటన్నానే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు.

గుంటూరులో బోనెక్కి ఆమె అన్న మాట మా అమ్మ చెప్పింది. "ఈ పిల్లగాణ్ణి ఫోటోలో తప్ప నేను చూడలేదు దొరా. ముందు చెప్పింది అబద్ధం."

తమ్ముణ్ణి వదిలేశారు. రెండు కోర్టుల్లో రెండు మాటలు చెప్పిందని ఆమె మీద కేసు పెట్టి జైలుకు పంపారు. చెప్పించిందెవరంటే నోరు మెదపలేదు. కొడుకు ఇంకా మా చావిట్లోనే ఉన్నాడు మరి. మొదటి అబద్ధం మీదే నిలబడి ఉంటే ఆమెను అడిగేవాడే లేడు. ఇదెక్కడి న్యాయం? ఫోటో సంగతి నేను కోర్టుకు వచ్చి చెబుతానంటే మా ప్లీడరు నవ్వి, "కాపరం చేసుకో అమ్మా," అన్నాడు. చినమామ ఫోటో తెచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అదే మేకుకు తగిలించాడు.

పోనీ ఆమెకు జామీనన్నా ఉండరా అని తమ్ముణ్ణి అడిగాను.

"ముందు నా పేరు చెప్పింది ఆమేగా అక్కా. మళ్ళీ కోర్టు మెట్లెక్కమంటావా? మనకెందుకు?" అన్నాడు.

అన్నం మూట కట్టుకుని జైలుకు నేనే వెళ్ళాను. ఆమె మూట విప్పకుండానే అడిగింది.

"పిల్లగాడికి ఉజ్జోగం వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చింది పిన్నీ. నువ్వెట్టా ఉన్నావో కనుక్కు రమ్మన్నాడు," అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది.