సర్కారువారి రాయి, అమ్మ కొబ్బరికాయ

డెబ్భైల చివర్లో నాకు స్టీలుప్లాంటు ఉద్యోగం ఆర్డరు ఒక గురువారం వచ్చింది. సోమవారం మెడికల్ పరీక్ష. నడుమ ఉన్న మూడు రోజులూ మా అమ్మ కూర్చోలేదు. హిందీవాళ్ల రాష్ట్రంలోని ఆ ప్లాంటు ఊళ్లో, క్యాంప్ వన్ అనే బస్తీలో మాది రెండు గదుల ఇల్లు. ఆ రెండు గదుల్లోనే ఆవిడ నడిచిన దూరం కలిపితే విజయనగరం వెళ్లి, మా మేనత్తను పలకరించి, తిరిగి వచ్చేయొచ్చు.

కారణం మొక్కు. శివరాత్రి మేళాకి ఊరవతల పాత శివాలయానికి వెళ్లినప్పుడు, నాకు ఆర్డరొస్తే అక్కడి గడపరాతి మీద కొబ్బరికాయ కొడతానని శివుడికి మాటిచ్చింది. అది తీర్చకుండా మెడికల్‌కి వెళితే, కిందటేడు నన్ను పట్టిన దగ్గు సరిగ్గా డాక్టరు ముందు తిరగబెడుతుందని ఆవిడ భయం. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా గొంతులో సిమెంటు మిక్సరు తిరగడం మొదలైంది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఒకే సైకిలు మీద వెళ్లాం. గుడి చుట్టూ ముళ్లకంచె, గేటు పక్కన నీలం బోర్డు: ఇది రక్షిత కట్టడం, పాడుచేస్తే జైలు, జరిమానా. మేళా జనంలో అది మా కంటపడలేదు. బోర్డు కింద చౌకీదారు. ఆయన మీసాన్ని కూడా పురావస్తుశాఖే కాపాడుతున్నట్టుంది.

“నారియల్ అందర్ నహీ, అమ్మాజీ” అని కొబ్బరికాయకి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏటి నహీ? మేళాకి ఊరంతా కొట్టీలేదా?”

ఆయన తెలుగువాళ్ల మధ్య ముదిరినవాడు. అర్థం చేసుకుని హిందీలో జవాబు చెప్పాడు. మేళా రోజు సాహెబులే కళ్లు మూసుకుంటారట. ఇవాళ రాయికి పెచ్చు ఊడితే తన నౌకరీ ఊడుతుందట.

“రాయి మీద కాదు భయ్యా, మా ఇనుం మీద కొడతాను” అంది అమ్మ.

స్టీలుప్లాంటు ఊళ్లో ఇనుముకి కరువా? నేను కార్ఖానాలుండే హథ్‌ఖోజ్ దాకా తొక్కి, తెలిసిన మేస్త్రీ షెడ్డులోంచి మూరెడు రైలుపట్టా ముక్క అరువు తెచ్చాను. దాని బరువుకి దారి పొడుగునా సైకిలు చక్రాలు నాగలి సాళ్లు తీశాయి. అప్పటిదాకా అమ్మ కంచె చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేసిందో శివుడికీ చౌకీదారుకీ తెలియాలి.

గేటు బయట రైలుముక్క పెట్టి ఒక్క దెబ్బ వేసింది. కాయ రెండు చెక్కలైంది. అయినా ఆవిడ ముఖం విచ్చుకోలేదు.

“గేటుకాడ కొట్టింది ఆయనకి చేరతాదేటిరా?”

చౌకీదారు తల అడ్డంగా ఊపాడు. బయటి ప్రసాదం లోపలికి పోకూడదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆయన తన టిఫిను డబ్బా తీసుకుని మండపం నీడకి బయల్దేరాడు.

“ఆగు భయ్యా. నీ ఖానా అందర్ ఎల్లొచ్చా?”

చౌకీదారు భోజనం గురించి బోర్డులో ఒక్క ముక్క లేదు. ఆయన నిజంగానే వెనక్కొచ్చి, మొదటి అక్షరం నుంచి చదివి చూశాడు.

“అయితే ఇది నీ ఖానాయే” అని అమ్మ ఒక కొబ్బరిచెక్కని ఆయన డబ్బాలో పడేసింది. ఆయన మీసం కాసేపు అటూ ఇటూ ఊగిసలాడింది. చివరికి లోపలికి వెళ్లి, గర్భగుడి ఎదురుగా కూర్చుని మూత తీశాడు.

“గబుక్కున మూసీకు బాబూ, ఆయన తినడం నిదానం!” అని కంచె బయటినుంచి అమ్మ కేక.

పావుగంటకి చౌకీదారు డబ్బా తిరిగి తెచ్చాడు. అమ్మ తొంగిచూసి గతుక్కుమంది. రొట్టెల పక్కన, మా కొబ్బరిచెక్కని ఆనుకుని పచ్చి ఉల్లిపాయ.

“ఉల్లిపాయతో నైవేద్యం పెట్టీసేవా!”

“రోజూ నా టిఫిన్ ఆయన ముందే తెరుస్తాను అమ్మాజీ. ఇప్పటిదాకా శికాయత్ రాలేదు” అన్నాడు చౌకీదారు.

అమ్మ గర్భగుడి వైపు చూసింది. అటునుంచి ఫిర్యాదేమీ రాలేదు. చెక్కలోంచి ఒక ముక్క నా నోట్లో కుక్కి, ఇంకోటి చౌకీదారు చేతిలో పెట్టింది.

“నీ నౌకరీ కూడా ఉండాలని చెప్పీసేను, తిను.”

మర్నాడు ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగపట్టమన్నారు. నేను ఇంటి గుమ్మం దగ్గర్నుంచే బిగపట్టుకుని వచ్చాను.

పాసయ్యాను.