మహాబలిపురం ఇంకా రాలేదు

కొత్త హైవేని ఇంకా తెరవకముందే దాని మీద ట్రాఫిక్ జామ్ చేసిన కుటుంబం మాది. అందుకు కారణం నేను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, నవ్వుకంటే ముందు ఆవులింత వస్తుంది. ఆ పొద్దున పడిన అలసట ఇంకా నా భుజాలు దిగలేదు.

ముందు నా గురించి చెప్పాలి. బస్సులో కండక్టర్‌ని టికెట్ అడగడానికి రెండు స్టాపుల దూరం ధైర్యం కూడగట్టుకునే మనిషిని. నోటితో అనలేనిదంతా డైరీలో రాసుకుంటాను. దొరికినదల్లా చదువుతాను, బజ్జీలు కట్టిచ్చిన పేపరుతో సహా. అలా చదివి చదివి నేను పిచ్చి పెంచుకున్నది దేని మీదనుకున్నారు? చెన్నై చుట్టూ వేస్తున్న పెద్ద రింగు రోడ్డు మీద. పొట్ట పెరిగే కొద్దీ బెల్టు మార్చే పెద్దమనిషి లాంటిది చెన్నై. మొదట ఊళ్ళోనే ఒక రింగు రోడ్డు చుట్టుకుంది. అది చాలక బైపాసు. అదీ బిగుసుకుపోతే పట్టాభిరామ్ పక్కగా అవుటర్ రింగు రోడ్డు. ఇప్పుడు పొట్ట మా తిరువళ్ళూరు దాకా వచ్చింది కాబట్టి ఇంకో బెల్టు.

మాది పాండూరు దాటాక వచ్చే చిన్న ఊరు. ఇంట్లో మగ్గం. ఆ ఏడు ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు కావడి మోసుకెళ్ళే భక్తుల కోసం పసుపు తువ్వాళ్ళు నేసిస్తానని మా నాయన అక్కడి షావుకారుకు మాట ఇచ్చాడు. మాట తప్పితే మరుసటి ఏడు ఆ పని పవర్‌లూమ్ వాళ్ళ పాలవుతుంది. ఏడాది మొత్తంలో మేము నమ్ముకున్న పని అదొక్కటే.

నేయాలంటే ముందు పడుగు దారాలన్నీ వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. తడి ఆరకముందే ఎత్తామా, దారాలన్నీ అతుక్కుని అట్ట ముక్క అవుతుంది. సరిగ్గా ఆ వారమే మా వీధిని కాలువ కోసం తవ్వి పోశారు.

"యాడ చాపేదిరా ఈ పడుగు? నా నెత్తిన చాపేదా?" అని నాయన మా దాము మామ మీద విరుచుకుపడ్డాడు.

దాము మామ మా అమ్మ తమ్ముడు. ఆయనకు దేనికీ కంగారు ఉండదు. "నా మీద అరిస్తే గుంత పూడతాదా బావా? ఊరి వెనకాల కొత్త రోడ్డు పడుకోనుంది గదా. ఈగ గూడా తిరగడంలే."

"మనం చాపినాక తెరిచేస్తే?"

పెద్దల మాటల్లో ఎన్నడూ తలదూర్చని నేను, ఖర్మ కాలి, అప్పుడే దూర్చాను. "రింగు రోడ్డు ఇప్పుడే తెరవరు నాయనా. బ్రిడ్జి గూడా కాలేదంట. పేపర్లో చదివినా."

మగ్గం నోరు తెరిచి మాట్లాడినట్టు అందరూ నా వైపు చూశారు. "పాప చదివిందంటే సరిగ్గానే ఉంటాది," అన్నాడు నాయన. ఆ మెచ్చుకోలుతో నా తల గుమ్మం పట్టనంత అయింది.

మర్నాడు తెల్లవారగానే రోడ్డెక్కాం. ఆహా, ఏం రోడ్డు! అద్దంలా ఉంది. కత్తెర ఆకారంలో కట్టిన వెదురు కర్రల మీద, రోడ్డు నడిమధ్య పొడుగునా పడుగు చాచి, బిగుతుగా నిలవడానికి రెండు కొసల తాళ్ళనూ రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఇనుప కమ్మీలకు కట్టేశాం. అంటే రోడ్డు మొత్తానికి తాళం వేశామన్నమాట. గంజి పట్టించడం అలా అయిందో లేదో, దూరంగా ఒక జీపు. దాని వెనక లారీ. దాని వెనక ఇంకో లారీ. ఆ వెనకంతా హారన్లు.

"కుముదా, నీ రోడ్డు తెరిచేసినారు మే!" అన్నాడు దాము మామ.

"ఎవురన్నా పోయి నిలబెట్టండి! ఇంకా తడిగానే ఉంది!" నాయన కుంచె ఆపకుండానే అరిచాడు.

అందరి చేతుల్లోనూ కుంచెలే. "నువ్వే పో. రోడ్డు సంగతి తెలిసింది నీకే గదా," అంది అమ్మ.

వెళ్ళాను. జీపులోంచి ఇంజనీరు దిగాడు. నిద్ర చాలని కళ్ళు, చేతిలో ఫ్లాస్కు. "ఎన్నమ్మా ఇదు?" అన్నాడు తమిళంలో, ఏందమ్మా ఇదని.

'క్షమించండి సార్' అందామని నోరు తెరిచాను. రాలేదు. ఏ భాషలోనూ రాలేదు. నాలుక మీద ఏముంటే అదే వచ్చింది. "ఎన్నూరు ఓడరేవు దగ్గర మొదలవుతాది సార్..."

"తెలుగోళ్ళా? నేనూ తెలుగోణ్ణే, మాది పట్టాభిరామ్. ఏంది మొదలయ్యేది?"

"ఈ రోడ్డు సార్. ఎన్నూరు నుంచి తచ్చూరు. ఆడినుంచి పెరియపాళయం పక్కగా మన తిరువళ్ళూరు..."

ఇక ఆగలేదు. ఆపడం చేతకాలేదు. బెల్టు కథ కూడా చెప్పేశాను. ఆయన నిట్టూర్చి, రోడ్డు పక్క దిమ్మె మీద కూర్చుని, టీ పోసుకున్నాడు. వెనకనుంచి నాయన, "ఇంకొంచెం లాగు మే!" అంటున్నాడు.

లారీ డ్రైవరు తల బయటపెట్టి, "సార్, ఆ పాప రోడ్డేస్తా ఉందా, కథ చెప్తా ఉందా?" అని కేక వేశాడు.

"ఉండవయ్యా, మహాబలిపురం ఇంకా రాలేదు," అన్నాడు ఇంజనీరు.

శ్రీపెరంబుదూరు, సింగపెరుమాళ్ కోవిల్ దాటి మహాబలిపురం చేరేసరికి నా గొంతు ఎండింది. దేవుడి దయవల్ల పడుగు కూడా ఎండింది. మామ తాళ్ళు విప్పాడు.

ఇంజనీరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "బాగా చెప్పినావమ్మా. ఒక్క తప్పు లేదు. చిక్కొకటే."

"ఏంది సార్?"

"ఇది ఆ రోడ్డు కాదు."

చెయ్యెత్తి పొలాల అవతల చూపించాడు. అక్కడ ఎర్రమట్టి కట్ట, దాని మీద మొండి స్తంభాలు. "అదీ నీ రింగు రోడ్డు. అది ఎప్పుడు తెరుస్తారో నాకే తెలీదు. ఇది తిరుపతి రోడ్డుకు బైపాసు. ఈ పొద్దు తెరుస్తామని మీ ఊర్లో ఆటోకు మైకు కట్టి చెప్పించినామే, వినలేదా?"

విన్నాను. 'ఎవరిదో బైపాసులే, మన రింగు రోడ్డు కాదు కదా' అనుకుని, మళ్ళీ పేపరులో తల పెట్టాను.

పడుగు ఎత్తాక చూస్తే, కారిన రంగు గంజి రోడ్డు మీద పొడుగాటి పసుపు గీత గీసి ఉంది, కాస్త వంకరగా. లారీలు బుద్ధిగా దానికి అటొక వరస, ఇటొక వరసగా కదిలాయి. వాన వచ్చి కడిగేదాకా ఆ బైపాసుకు అదే హద్దు.

తువ్వాళ్ళు వేళకు నేశాం. ఆ రోడ్డు మీదే బస్సులో తిరుత్తణికి తీసుకెళ్ళాం. పక్కన కూర్చున్న అవ్వ అడిగింది, "ఇది ఏం రోడ్డు పాపా?"

"తెలీదవ్వా."

వెనక సీట్లోంచి దాము మామ, "దాన్ని కదిలించొద్దవ్వా! మొదలుపెడితే మహాబలిపురం దాకా ఆగదు!"

బస్సంతా నవ్వింది. దూరాన తిరుత్తణి కొండ కనబడుతుంటే, ఒళ్ళో తువ్వాళ్ళ మూటతో, కళ్ళు మూసుకుని మొక్కుకున్నాను. స్వామీ, ఇక మీదట నేను నిలబడ్డ రోడ్డు పేరు నలుగురిని అడిగి తెలుసుకున్నాకే దాని చరిత్ర ఎత్తుతాను. ఎత్తినా మహాబలిపురం దాకా పోను. శ్రీపెరంబుదూరులోనే దిగిపోతాను.