మునెమ్మకు వేసిన సాంబ్రాణి పొగ

1984వ సంవత్సరం. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి, ఊపిరితిత్తుల వార్డు. నేను ఆ వార్డులో ఫిజియోథెరపిస్టును, అంటే మందూ సూదీ లేకుండా కసరత్తుతో మనిషిని లేపి నడిపించేవాణ్ణి. ఆ పేరు జనానికి నోరు తిరగక, ఒళ్ళు రుద్దేవాణ్ణి పిలిచినట్టు "మాలీసు సారు" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఆయాసం ఉన్నోళ్ళు కదలకూడదని అప్పట్లో అందరి నమ్మకం. మా డాక్టరు మాత్రం, "పడుకోబెడితే కాళ్ళలో కండ కరిగిపోతుంది. అప్పుడు నాలుగడుగులకే ఇంకా ఆయాసం. నడిపించప్పా" అని నా మీదికి తోసినాడు.

అట్లాంటప్పుడే పాకాల పక్క పల్లె నుంచి మునెమ్మ వచ్చింది. అరవైకి దగ్గర. బెల్లం పొయ్యిలో చెరుకుపిప్పి ఎగదోసీ ఎగదోసీ, ఆ పొగకు ఊపిరితిత్తులు చెడిపోయినాయి. క్రానిక్ బ్రాంకైటిస్, ఏళ్ళ తరబడి వదలని దగ్గూ కఫమూ. ఆమెకు ఒకటే కోరిక.

"సచ్చేదాకా దొడ్డికి నా కాళ్ళతో నేను పోవాల సారూ. ఒకరి భుజం పట్టుకొని పోయే బతుకు నాకొద్దు."

పర్స్‌డ్ లిప్ బ్రీతింగ్ అని ఒకటుంది. ముక్కుతో గాలి పీల్చి, పెదాలు సున్నా చుట్టి మెల్లగా వదలడం. "ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు, కానీ నిదానంగా" అన్నాను. మునెమ్మ పకపకా నవ్వి దగ్గు తెచ్చుకునింది. "ఆ ఊదుడే గదా సారూ నన్నీడికి తెచ్చింది!"

మొదట్లో మంచం దిగి కిటికీ దాకా పోతేనే రొప్పేది. "నువ్వు యముడికి అన్నవి" అని తిట్టేది. "యముడొచ్చినా నిన్ను ఎత్తుకొని పోడు, నడిపించే తీసకపోతాడు, లే!" అనేవాణ్ణి. చివరికి వరండా అంతా నడిచి, మెట్లెక్కి దిగి, పక్క మంచాలోళ్ళకు ఊదడం నేర్పించింది. నాకెంత గర్వమో!

ఇంటికి పంపేరోజు కొడుకొచ్చినాడు. "రోజూ నడిపించాలప్పా, పొగ తగలనీయొద్దు" అంటే చేతులు కట్టుకొని "అట్లే సార్" అన్నాడు. గొడ్లూ ఇంటిపనీ ఉండాయని కోడల్ని ఊర్లోనే వదిలి వచ్చినాడు.

వానలు మొదలైనాక మునెమ్మను మళ్ళీ తెచ్చినారు, చేతుల మీద మోసుకొని. తొడలు పుల్లలైనాయి. ఒళ్ళంతా సాంబ్రాణి వాసన. ఈసారి కొడుకుతో పాటు కోడలూ వెంట ఉండాది.

"ఏం చేసినావమ్మా ఈమెను?" అని అరిచినాను.

ఆ పిల్ల బెదిరిపోయింది. "ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి గదా సారూ. పచ్చి బాలింతను సూసుకున్నట్టు సూసుకున్నా. కాలు కింద పెట్టనీలేదు. చెవుల్లో దూది పెట్టి, తలుపులేసి, పొద్దునా మాపునా సాంబ్రాణి పొగ ఏసినా. కూడు నేనే తినిపించినా."

"నీ మొగుడు నీకేం చెప్పినాడు?"

"బెల్లం పొయ్యికాడికి పంపొద్దన్నాడు."

పొగంటే అతనికి ఆ పొగే తెలుసు. కొడుకు పెళ్ళాం మీద ఎగరబోయినాడు. మునెమ్మ చెయ్యెత్తి ఆపింది. ఒక్కో మాటకూ ఆగి ఆగి చెప్పింది.

"దాన్ననొద్దురా. నలుగుర్ని కన్నాను. ఒక్క కాన్పుకీ నన్నెవురూ ఇట్ట సూసుకోలేదు. పచ్చి ఒంటితోనే పొయ్యికాడికి పోయినా. ఇన్నాళ్ళకు ఈ బిడ్డ సూసుకునింది."



మళ్ళీ లేపాలని చేయని ప్రయత్నం లేదు. కూర్చోబెడితేనే పెదాలు నీలంగా అయ్యేవి. ఊదడం మరిచిపోలేదు పాపం, ఊదేదానికే గాలి లేదు. వారం తిరక్కుండానే పోయింది. దొడ్డికి తన కాళ్ళతో పోవాలన్న ఆ చిన్న కోరిక కూడా తీరలేదు.

శవాన్ని తీసకపోయే ముందు కోడలు నా దగ్గరికొచ్చింది. "సారూ, నేను సరిగ్గా సూసుకోలేదా?"

"బాగా సూసుకున్నావు తల్లీ" అన్నాను. ఇంకేం చెప్పేది? నిర్లక్ష్యంతో పోయిన మనిషైతే ఎవర్నో ఒకర్ని తిట్టుకొని ఊరుకునేవాణ్ణి. ఒక్క పూట ఆ పిల్ల మా వరండాలో అత్తతో కలిసి నడిచుంటే మునెమ్మ ఇంకొన్నాళ్ళు బతికేదేమో. ఆ బాధ నన్నిప్పటికీ వదల్లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పేషెంటు ఎవరొచ్చినా "ఇంట్లో నీకు కూడు పెట్టేదెవురు?" అని ముందే అడిగేవాణ్ణి. వాళ్ళని పిలిపించి, పక్కన నడిపించి, అప్పుడే ఇంటికి పంపేవాణ్ణి. "ఇంట్లో పనుండాది సార్, ఆడమనిషి రాలేదు" అన్న కొడుకుల్ని నిలబెట్టి తిట్టినాను. ఎంత గట్టిగా తిట్టినా, ఆ పిల్ల నన్నడిగిన మాట చెవుల్లోంచి పోలేదు.