గంపలో మారిన చేప

మా మేనత్త గురువారం పొద్దున శామీర్‌పేటలో కన్నుమూసింది. టీవీలో నేరపరిశోధన సీరియళ్ళు తీసేవాళ్ళు ఇక హాయిగా తప్పులు చేసుకోవచ్చు.

నేనూ ఆ బాపతే. ముందు షాట్‌లో ఇన్‌స్పెక్టరు గడియారం ఎడమచేతికి ఉంటే, తర్వాతి షాట్‌లోనూ ఎడమచేతికే ఉండేలా చూసుకోవడం నా ఉద్యోగం. నా మొదటి ఎపిసోడు అత్త పక్కన కూర్చుని ఎంత గర్వంగా చూశాననుకున్నారు! పొద్దున చెరువులో పడిన మనిషి మధ్యాహ్నానికే శవమై తేలాడు. అత్త మంచం పట్టె మీద ఫట్‌మని కొట్టింది.

“దొరికిండ్రు! పొద్దుగాల వడ్డోడు పగటీలికే తేల్తడానే? ఎన్నడన్న చెరువు మొకం జూసిండ్రా మీరు?”

ఏళ్ళ తరబడి శామీర్‌పేట చెరువు చేపలు గంపకెత్తుకుని అల్వాల్ వీధుల్లో అమ్మిన మనిషి. నీళ్ళ గురించి ఆమెతో వాదన ఏం పెట్టుకుంటాం? నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి కథ ముందే వినిపిస్తానంటే ఒప్పుకోలేదు. “ముందే జెప్తే ఇగ నేను జూసుడెందుకు?” అంది. తప్పులు పట్టేవాళ్ళను చాలామందిని చూశాను. తప్పు దొరికితే అంత సంబరపడే మనిషిని మాత్రం ఇంకొకరిని చూడలేదు. నాకు చూడటం నేర్పింది ఆమే.

పోయిన ఏడాది ఆయాసం ఆమెను మంచాన పడేసింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒక శనివారం మాత్రం, షాట్ మారగానే మా కానిస్టేబులు టోపీ మాయమైతే, అత్త లేచి కూర్చుంది! పట్టె ఫట్‌మంది. ఆ పూట అన్నం మళ్ళీ అడిగి పెట్టించుకుంది. నా ఆనందం పట్టలేక, ఆ వారం నుంచి ఎపిసోడుకొక తప్పు నేనే కావాలని వదిలాను. డైరెక్టరు చేత చీవాట్లు తిన్నాను, ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను కూడా. ఆమె లేచి కూర్చుంటే చాలనిపించేది.

ఆమె కంటికి నా దొంగతనం దొరక్కుండా ఉంటుందా?

“గీ తప్పులు నువ్వే వెడ్తున్నవ్ గదనే?” అంది నెల కింద. ఒప్పేసుకున్నాను. అత్త పకపకా నవ్వింది. “జర కష్టమైంది వెట్టు బిడ్డా, మరీ అల్కగ దొరుకుతున్నయ్.”

పెట్టాను. ఆ ఎపిసోడు ఆమె పోయిన మూడో రోజు, శనివారం సాయంత్రం వచ్చింది. “గీ టైముకు టీవీ వెట్టకుంటే ఊకుంటదా అది?” అని మామయ్యే పెట్టాడు. తెర మీద ఇన్‌స్పెక్టరు మాట్లాడుతున్నాడు. అతని వెనక గంపలో ఉన్న బొచ్చె చేప, షాట్ మారేసరికి రవ్వ చేప అయింది. ఇంటి నిండా చేపలు పట్టేవాళ్ళే. ఒక్కరి కంటా అది పడలేదు.

నేను ఆమె మంచం మీదే కూర్చుని ఉన్నాను. పట్టె మీద కొట్టబోయి లేచిన నా చెయ్యి అలాగే ఆగిపోయింది.